సున్ని మెడలో పది రోజులు

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. రెండువేల పన్నెండు ఫిబ్రవరి తొమ్మిదో తేదీన, బందరులో ఒక ఆస్పత్రి చీకటిగదిలో పుట్టాను. ఆ ఉదయం వేదాద్రి గారింట్లో పెసరట్టు, అల్లం పచ్చడి. రెండో అట్టు తిరగేయబోతూ ఆయన భార్య సుభాషిణి గారు నూనె ఒలికిన గచ్చు మీద జారి, కుడిచెయ్యి ఆనించి పడ్డారు. పెనం మీద మాడిన ఆ అట్టును పారేయనివ్వక, భర్త చేత తినిపించి మరీ ఆస్పత్రికి బయల్దేరారట.

"గాజు తీయండమ్మా," అన్నాడు ఎక్స్‌రే తీసే అబ్బాయి.

"చెయ్యి బూరెలా పొంగింది, ఎట్లా వస్తుంది? గాజుతోనే తియ్యి నాయనా. బొమ్మలో నేనని గుర్తుండొద్దూ?"

అందుకే నాలో అయిదు వేళ్ళ ఎముకలూ, మణికట్టులో సన్నని పగులూ, దాని పక్కన తెల్లటి గీతలా బంగారు గాజూ ఉన్నాయి. ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. నా అవసరం తీరిపోయింది. కానీ నొప్పి పోయినా దాని తాలూకు కాగితాలు పారేయడానికి మనుషులకు చేతులు రావు. అల్మారా మీద కవరులో పడుకున్నాను. ఒకసారి సూర్యగ్రహణం నాడు వీధి వీధంతా నన్ను కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆకాశం చూసింది. కళ్ళకు మంచిది కాదని వేదాద్రి గారు చెబుతూనే ఉన్నారు, ఎవరూ వినలేదు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎదుటివాళ్ళు వినకపోవడం ఆయనకు అలవాటే.

తర్వాత కొన్నేళ్ళకు సుభాషిణి గారు గుండెజబ్బుతో పోయారు. పాత మందుల చీటీలన్నీ తగలబెట్టిన వేదాద్రి గారు, నన్ను మాత్రం కవరులోంచి తీసి, కిటికీ వెలుగులో చూసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టేశారు.

సున్ని ఆ తర్వాత వచ్చింది. సున్నుండ రంగు పిల్లి, ముసలిది. ఎవరో ఇల్లు మారుతూ వదిలేసి పోతే ఈయన గుమ్మంలో స్థిరపడింది. కిందటేడు శ్రావణంలో రేకుల షెడ్డు మీంచి దూకుతూ తొడ చీరుకుంది. ప్రియంవద గారని, ఊళ్ళో చిన్న పశువుల ఆస్పత్రి నడిపే డాక్టరమ్మ నాలుగు కుట్లు వేశారు.

"చిన్న గాయమేనండీ. కానీ పది రోజులు నాకనివ్వొద్దు. కుట్లు ఊడితే మళ్ళీ మత్తివ్వాలి. ఈ వయసులో తట్టుకుంటుందని నేను మాటివ్వలేను. నోరు గాయానికి అందకుండా మెడకి గరాటా పెట్టండి. నా దగ్గర కుక్కలవే ఉన్నాయి."

కుక్కల గరాటాలోంచి సున్ని సునాయాసంగా జారి బయటికొచ్చింది. ఎదురింటి దర్జీ రమీజా చూసి, "అట్ట అయితే నానిపోద్ది, గుడ్డ వంగిపోద్ది. పాత ఎక్స్‌రే ఏదన్నా ఉంటే ఇవ్వండి సార్, కుట్టేస్తా" అంది.

ఆయన నన్ను తెచ్చారు. రమీజా వెలుగుకు ఎత్తి చూసి, గాజు గుర్తుపట్టి, కత్తెర కింద పెట్టేసింది.

"ఇది అక్క చెయ్యి సార్. వేరేది లేదా?"

"ఇంట్లో ఉన్నది ఇదొక్కటేనమ్మా."

"నేను కొయ్యలేను."

ఇంతలోనే సున్ని గాయం వైపు మెడ తిప్పింది. వేదాద్రి గారు దాని మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, "పిల్లి ఆగదు. కొయ్యి" అన్నారు.

రమీజా బొమ్మలోని వేళ్ళు తెగకుండా చూసుకుంటూ అంచులు కోసింది. మెడ ఒరుసుకోకుండా లోపలి అంచుకు జాకెట్టు పైపింగు గుడ్డ కుట్టి, నాడా పెట్టింది. అలా నేను గరాటానయ్యాను.

సున్ని నన్ను శత్రువుగా చూసింది. వెనక్కి నడిస్తే నాలోంచి బయటపడొచ్చనుకుని, గది పొడుగునా వెనక్కి నడిచి గోడకు గుద్దుకుంది. పళ్ళెం దగ్గర నా అంచే ముందుగా నేలకు తగిలి, చేపముక్క అందకుండా పోయింది. వేదాద్రి గారి మనసు కరిగింది. "తిన్నంతసేపే" అని ముడి విప్పారు. అది పళ్ళెం వంక చూడనైనా లేదు. తల తిప్పి తొడ మీద నాలుగు నాకులు నాకింది. ఒక కుట్టు ఊడింది. జాలి పడటం మనుషులకు తేలిక, ముడి విప్పకుండా ఉండటమే కష్టం.

"మిగతా మూడూ గట్టిగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది," అన్నారు డాక్టరమ్మ. "ఇంకొకటి ఊడిందా, మత్తే. ముడి ముట్టుకోకండి సార్."

ఆ రోజంతా సున్ని తినలేదు. ఆయనా తినలేదు. మర్నాడు పొద్దున రమీజా గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసింది.

"పిల్లికైతే గరాటా అడ్డం. మీకేం అడ్డమొచ్చింది సార్?"

ఆయన నేల మీద బోర్లా పడుకుని, బుగ్గ గచ్చుకు ఆనించి, నా అంచు ఎక్కడ తగులుతోందో చూశారు. తర్వాత మెల్లగా లేచి, వంటింట్లోంచి బియ్యం కొలిచే సోల తెచ్చి బోర్లించారు. దాని మీద అరచేతిలో ఇమిడే నెయ్యిగిన్నె పెట్టి, ముళ్ళు తీసిన చేపా అన్నమూ మెదిపి వేశారు.

సున్ని వాసన చూసింది. అడుగు ముందుకేసింది. నా అంచు గిన్నెనూ సోలనూ కప్పుకుంటూ కిందికి దిగింది. మూతి అన్నానికి అందింది. నా లోపల అది గతుకుతున్న చప్పుడు నాకు మేళతాళాల్లా వినిపించింది.

"తింటోంది," అన్నారాయన. కాసేపాగి మళ్ళీ, "తింటోంది రమీజా."

"కనబడతానే ఉంది సార్. ఇక మీరు కూచోండి, ఇడ్లీలు తెస్తా."

అక్కణ్ణించి మాకు ఎదురు లేదు. పెరటి గోడను కబ్జా చేసిన గండుపిల్లి, నన్ను తొడుక్కుని వస్తున్న సున్నిని చూసి, ఇదేదో కొత్త మృగం అనుకుని పారిపోయింది. పదోనాడు డాక్టరమ్మ మూడు కుట్లూ తీసేశారు. గాయం గీతలా మానిపోయింది. ముడి విప్పగానే సున్ని బల్ల మీదే కూర్చుని, పది రోజుల బాకీ అంతా నాకి తీర్చుకుంది. వేదాద్రి గారు ఆపలేదు.

డాక్టరమ్మ నన్ను తిప్పి చూశారు. "పిల్లులకి ఇంత చక్కగా అమిరేది నాకు దొరకడం లేదండీ. ఇక్కడ ఉంచేస్తారా?"

తోడు వచ్చిన రమీజా కంగారుపడింది. "సార్, మనసొప్పకపోతే వద్దనండి."

ఆయన నన్ను చేతిలోకి తీసుకుని, అంచున అంటిన మెతుకు గోటితో గీకి, పైపింగు సరిచేశారు.

"ఇంట్లో అల్మారా మీద ఊరికే పడి ఉంది ఇన్నేళ్ళూ," అన్నారు. "ఇక్కడ పనిలో ఉంటుంది."

ఇప్పటికి పద్నాలుగు మెడలు చూశాను. నా కాపలాలో ఇంకొక్క కుట్టు ఊడలేదు. నెలకోసారి వేదాద్రి గారు వచ్చి, ఇప్పుడు ఎవరి మెడలో ఉన్నానో కనుక్కుని, వాళ్ళకు గిన్నె ఎంత ఎత్తులో పెట్టాలో చెప్పి వెళతారు. ఇక్కడ అందరూ వింటారు.

ఈ సాయంత్రం ఒక నల్లపిల్లి వచ్చింది, చెవి చిరిగింది. మొరాయించి, రక్కి, అలిసిపోయి, నాలోనే తల వాల్చి నిద్రపోయింది. డాక్టరమ్మ వంగి దాని ఊపిరి చూసి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేశారు.