తోక కింద ఇటుక రంగు

కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది. అక్క ముఖం విప్పారింది.

"విన్నావురా? మీ బావే. తాళంచెవి మర్చిపోయినప్పుడల్లా ఇలాగే తట్టేవారు."

తమ్ముడు పేపరు మడిచాడు. పని చేసినన్నాళ్ళూ కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీసిన మనిషి. కారణం లేని చప్పుడు ఉంటుందంటే ఒప్పుకోడు. బావ పోయి ఏడాది దాటింది. అక్క రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఇంకా జాప్యం చేస్తే కష్టమని డాక్టరు హెచ్చరించినా ఆమె ఇల్లు కదలనంటోంది.

"నేను ఆస్పత్రిలో పడుకుంటే, ఆయనొచ్చి తడితే ఎవరు పలుకుతారు?"

"అది పిట్ట అక్కా. నల్లంచి."

"పిట్టయితే మాత్రం? ఏ రూపంలోనైనా రావచ్చు."

"రావచ్చు. కాదని నేను రుజువు చెయ్యలేను. కానీ ఓ పరీక్ష పెడదాం. అద్దానికి బయటివైపు సబ్బు పూస్తాను. బావయితే పూసినా తడతాడు. పిట్టయితే మానేస్తుంది."

"ఆయనకీ సబ్బంటే పడదురా, ఎలా చెప్పగలం?"

అయినా సరేనంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పక్క కిటికీ తెరిచి కూర్చున్నారు. పిట్ట వచ్చింది. గట్టు మీద అటూ ఇటూ నడిచింది, మసకబారిన అద్దం వంక తల వంచి చూసింది. తట్టలేదు. కిందికి దిగి చీమల వెంట పడింది.

అక్క ఇంకా అద్దం వైపే చెవి ఒగ్గి కూర్చుంది. నెగ్గినందుకు తమ్ముడికి మొదటిసారి సిగ్గేసింది.

"మరి ఇన్నాళ్ళూ ఎవర్ని కొట్టింది?" అంది చివరికి.

"తన ప్రతిబింబాన్నే. ఇంకో మగపిట్ట తన చోటు లాక్కోడానికి వచ్చిందనుకుంది."

"తనతో తనే పోట్లాడిందా? అయితే ముమ్మాటికీ మీ బావే!"

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఎలా ఉంటుందిరా అది?"

"పిడికెడంత. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు. భుజం మీద సున్నం రాసినట్టు తెల్లచార. పురుగు కనపడితే గబగబా పరిగెత్తి, టక్కున ఆగి, తోక నిటారుగా ఎత్తుతుంది. అప్పుడు తోక కింద ఇటుక రంగు కనిపిస్తుంది."

"ఇటుక రంగా? ఇప్పుడు ఎత్తిందా?"

"ఇదిగో, ఎత్తింది."

అక్క ముందుకు వంగి, కళ్ళు చికిలించి, వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా అలికినట్టున్న నలుపు తప్ప మరేమీ లేదు. తోటలోంచి సన్నని ఈలలాంటి పాట వినిపించింది.

"పాడేదీ అదేనా?"

"అదే."

"ఇన్నాళ్ళూ తట్టడమే విన్నాను," అంది. తమ్ముడి వైపు తిరిగి, "ఆపరేషనుకి ఎప్పుడు రమ్మన్నాడు మీ డాక్టరు?"

"నువ్వెప్పుడంటే అప్పుడే."

"ఈ వారమే కానిచ్చెయ్. నేను వచ్చేదాకా ఆ సబ్బు కడగకు. వెర్రిది ముక్కు పగలగొట్టుకుంటుంది."