నాలుగు వందల పదకొండో ఓడ

కంపెనీ సైరన్ మోగడం మానేసి ఏడాదైనా ఫ్రాంకా పొద్దున్నే ఏడింటికల్లా వచ్చేది. బూట్లు గుమ్మం బయట విడిచి, ఉన్ని జోళ్ళు తొడుక్కుని, గీతల హాలు ఊడ్చేది. మరాస్పిన్ ఓడల కంపెనీలో ఏ ఓడైనా ముందు పుట్టేది ఆ హాల్లోనే. నల్లరంగు వేసిన చెక్క నేల మీద ఓడ ఆకారాన్ని అసలు కొలతకు సుద్దతో గీస్తారు. ఆ గీతల్ని బట్టి అచ్చులు కోస్తారు, అచ్చుల్ని బట్టి ఇనుము వంచుతారు. ఆస్ట్రియా చక్రవర్తి కాలంలో మొదలైన పని అది. తరవాత ఇటలీ వాళ్ళొచ్చారు, కమ్యూనిస్టులొచ్చారు, వాళ్ళూ పోయారు. జెండా మారినప్పుడల్లా గేటుకి కొత్త రంగు వేసేవాళ్ళు గాని, నేలకు మాత్రం నలుపే. ఎన్ని పూతలు వేసినా సముద్రం మీద తిరుగుతున్న ఓడల గీతలు మళ్ళీ పైకి తేలేవి. ఎక్కడైనా ఓడ మునిగితే ఇక్కడ దాని గీత చెరిగిపోయేది. అప్పుడు గీతలవాళ్ళు టోపీ తీసి ఒక నిమిషం నిలబడి, మళ్ళీ పనిలో పడేవాళ్ళు.

కంపెనీ దివాలా తీసింది. మూడు వేల మందిలో మిగిలింది ఇద్దరే, ఫ్రాంకా, ఆమెకు పని నేర్పిన యెర్కో బాబాయ్. అక్కడ చివరగా కట్టిన నాలుగు వందల పదకొండో ఓడలో ఫ్రాంకా మొగుడు తోన్చి ఇంజన్ మెకానిక్. "మనం కట్టిందేగా, అందులో చావన్లేవే" అని నవ్వుతూ ఎక్కాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఊడుస్తూ ఊడుస్తూ ఫ్రాంకా ఆగిపోయింది. ఆ ఓడ గీత తోకవైపు నుంచి మాసిపోతోంది.

"బాబాయ్!"

యెర్కో వచ్చి చూశాడు. చెయ్యి టోపీ మీదకి వెళ్ళింది.

"అది తీశావంటే మర్యాద దక్కదు," అంది ఫ్రాంకా. "సుద్ద ఎక్కడ పెట్టావ్?"

"నీళ్ళలోకి దిగిన ఓడ మీద సుద్ద పెట్టకూడదే పిల్లా. మా మేస్త్రీ ఎప్పుడూ పెట్టలేదు."

"మీ మేస్త్రీ పెళ్ళాం అందులో లేదు కాబట్టి పెట్టలేదు. బద్ద పట్టుకుంటావా, లేదా?"

"దయ్యం పట్టింది నీకు," అని గొణుగుతూనే ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పొడుగాటి చెక్క బద్దను వంచి, కదలకుండా సీసం దిమ్మలు ఆనించి, చెరిగిన మేరంతా ఫ్రాంకా మళ్ళీ గీసింది. ఇటు గీస్తుంటే అటు మాసేది. మోకాళ్ళు దోక్కుపోయాయి. తోన్చి అంటే ఇంత ప్రాణమని ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నం దాటాక గీత నిలిచింది. ముక్కు నుంచి తోక దాకా ఎక్కడా చెరగలేదు.

"నా జన్మలో ఇంత నున్నటి గీత చూళ్ళేదే," అన్నాడు యెర్కో. ఫ్రాంకా నేల మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

గురువారం రేవు ఆఫీసు గుమాస్తా ఫోన్ చేశాడు. తుపానులో చిక్కుకున్న ఓడ ఇటలీలో మెసీనా రేవు చేరిందన్నాడు.

"కుడి పక్క మాత్రమే వచ్చిందండీ. ఎడమ పక్క లేదు, నిలువునా కోసేసినట్టు. అయినా ఒరగకుండా తేలుతూ వచ్చింది. కుడివైపున్న తొమ్మిది మందీ క్షేమం."

"తోన్చి?"

"ఎడమ ఇంజన్ దగ్గర డ్యూటీలో ఉన్నాడటండీ," అని గొంతు తగ్గించాడతను.

ఫ్రాంకా హాల్లోకి పరుగెత్తింది. గీత ఉన్నచోటే ఉంది. యెర్కో దాని పక్కనే కూలబడి ఉన్నాడు.

"సగమే గీశాం పిల్లా," అన్నాడు. "నూట ముప్ఫై ఏళ్ళుగా మనవాళ్ళు గీసేది కుడి పక్కే. రెండు పక్కలూ ఒకటే గదా అని. ఎడమది ఇనుము వంచే షెడ్లవాళ్ళు అచ్చు తిరగేసి చేసుకునేవాళ్ళు. అలవాటే గాని, షెడ్లలో ఎవరూ లేరని నాకు తట్టలేదే."

గీత సంగతి ఊళ్ళో పాకి, ఆదివారం ఆ తొమ్మిది మంది పెళ్ళాలూ ఫ్రాంకా ఇంటికొచ్చారు. వేయించిన చేపలూ అంజూరపు రొట్టే తెచ్చారు. వయసులో పెద్దావిడ ఫ్రాంకా చేతులు కళ్ళకద్దుకుని, "మా ఇళ్ళు నిలబెట్టావు తల్లీ," అంది. ఫ్రాంకా అందరినీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. కుడికి బదులు ఎడమ పక్క గీసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది ఆమెకు. వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ, వాళ్ళు కాఫీ తాగినంతసేపూ అదే అనిపించింది.