కోడెల కొట్టంలో కాపురం

మంచు కురుస్తుండగానే యజమాని తోలెగెన్, తన కూలీ ఒరిన్‌బాయ్‌ని పెళ్లాంబిడ్డతో సహా వెచ్చటి గదిలోంచి గెంటేశాడు. నేరమేమిటంటే, మాంసానికి మేపే కోడెల కింద పరిచే పొడి గడ్డి ఎత్తుకెళ్లి, రేకుల బళ్లలో ఉండే కూలీల పిల్లల పక్కల కింద వేశాడు. చాడీ చెప్పింది తోటి కూలీ బెక్‌సుల్తాన్. ఆ గడ్డి మీద అతని కూతురూ పడుకుంది.

బెక్‌సుల్తాన్‌కి మొదట కోడెల మీదే కుళ్లు. వాటికి గాలి చొరని కొట్టం, గడ్డకట్టని నీళ్లు, కడుపు ఉబ్బకుండా రోజుకింత పెంచుతూ వేసే బార్లీ. మనుషులకి చెమర్చే రేకు గోడలు. పొయ్యి ఉన్న గది ఒక్కటే, అది యజమాని మెచ్చినవాడికి. అందుకే కూలీలు యజమానిని వదిలేసి, ఒకరినొకరు చూసి కడుపు మండించుకునేవారు.

చలికాలానికి పశువుల్ని కోసే రోజు విందులో తోలెగెన్, మెచ్చినవాడికిచ్చే ఉడికించిన గొర్రె తలకాయ బెక్‌సుల్తాన్ ముందు పెట్టాడు. పళ్లెంలోనే గది తాళంచెవి. అందరి కళ్లూ అతన్ని కాల్చాయి. నిన్నటిదాకా తన చూపూ ఇంతేనని అతనికి సిగ్గేసింది. తలకాయ అందుకున్నవాడు ఒక్కడే తినకూడదు, కోసి పంచాలి, అది ఆనవాయితీ. చెవి కోసి, వాకిలి దగ్గర దగ్గుతున్న ఒరిన్‌బాయ్ కూతురికిచ్చాడు. తలా ఒక ముక్క వేశాడు. చివరికి తాళంచెవి మిగిలింది.

"తలకాయే ఒక్కడు తినకూడదే, వెచ్చదనం ఒక్కడెట్టా తింటాడు?" అని దాన్ని తోలెగెన్ ముందుకు తోసేశాడు. "చాడీ చెప్పింది నేనే, ఒరిన్‌బాయ్ అన్నా. కొట్టాలనుకుంటే కొట్టు."

ఒరిన్‌బాయ్ కొట్టలేదు, క్షమించానని అనలేదు. ఏం చెయ్యాలా అని కూలీలంతా చాలాసేపు వాదులాడుకున్నారు. తెల్లారేసరికి బళ్లన్నీ ఖాళీ. అందరి పక్కలూ కోడెల కొట్టంలో, పొడి గడ్డి మీద ఉన్నాయి.

తోలెగెన్ పోలీసుల్ని తెచ్చాడు. కోడెలు చిక్కిపోతాయని గోల పెట్టాడు.

"వేళకి మేత వేశాం. ఒక్కటీ చిక్కదు," అన్నాడు బెక్‌సుల్తాన్. "ప్రతి బండికీ పొయ్యి పెట్టించు, వెళ్లిపోతాం."

ఎవడు మొదలెట్టాడని పోలీసు అడిగాడు. నేనేనంటూ బెక్‌సుల్తాన్ పోలీసు వ్యాను ఎక్కబోయాడు. ఒరిన్‌బాయ్ అతని చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"గదీ నీకే, తలకాయా నీకే, ఇప్పుడు జైలు కూడా నీకేనట్రా? గడ్డి మొదట ఎత్తింది నేను. జరుగు."

వాళ్ల వెనక మిగతావాళ్లు నేను ముందంటే నేను ముందని తోసుకుంటూ ఎక్కారు. వ్యాను కిక్కిరిసి తలుపు పడలేదు. కొట్టంలో ఆడవాళ్లు తొట్లలో బార్లీ పోస్తూనే ఉన్నారు. పక్కలు మాత్రం ఎవరూ చుట్టలేదు.