ఖర్చు సాబ్జాన్

మోకాళ్ల మీద కూర్చుని, గుంత మీది ఇనుపమూతను పక్కకు నెట్టి, సాబ్జాన్ నీళ్లపైపు వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప తాళాన్ని లోపలికి దించాడు. అడ్డకడ్డీని రెండు చేతులా పట్టుకుని ఒక చుట్టు తిప్పి ఆగాడు. తలగుడ్డ పక్కకు జరిపి తాళం కాడకు చెవి ఆనించాడు. భూమిలో ఎక్కడో సన్నగా గురగురమంది. నీళ్లు బయల్దేరాయి. ఇంకో చుట్టు తిప్పాడు.

హిందూపురంలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతనికి తెల్లవారేది ఇలాగే. రొద్దం నుంచి కూలికి వచ్చి, మున్సిపాలిటీలో వాల్వులు తిప్పే పనికి కుదిరి, అదే పనిలో ముసలివాడయ్యాడు. బక్కమనిషి. తిప్పీ తిప్పీ కుడిభుజం రెండు వేళ్ల మందం కిందికి దిగింది. నమాజుతో నుదుటి మీద ఒక మచ్చ, బండరాళ్లతో మోకాళ్ల మీద రెండు మచ్చలు. ఊళ్లో సగం మందికి అతని పేరు తెలియదు. కానీ అతను ఒక్కపూట జ్వరంతో పడుకుంటే చాలు, వీధివీధీ ఖాళీ బిందెలు పట్టుకుని తలుచుకునేది. నెలాఖరుకు అతని ఉద్యోగం అయిపోతుంది.

అది ఎనభై ఒకటో సంవత్సరం, ఊరికి చైర్మన్ ఎన్నికలు. నూనె మిల్లు మల్లప్పది గొడుగు గుర్తు. వాన మొహమే చూడని ఊరికి గొడుగెందుకని జనం నవ్వుకున్నారు గానీ, మల్లప్ప మాట మాత్రం బాగానే చెవికెక్కింది. "మున్సిపాలిటీ దుడ్లన్నీ యూనియనోళ్ల జీతాలకే పోతాండాయి. తాళం తిప్పేదానికి ఒక మనిషా? ఇది ఖర్చు! నేను గెలిస్తే ఈ ఖర్చు కొట్టేస్తా," అని సందుసందునా మైకులో చెప్పాడు. సాబ్జాన్‌తో పాటే ఆ పోస్టునూ ఎత్తేసి, వాల్వులు కాంట్రాక్టరు చేతికి ఇస్తాడట. ఆనాటి నుంచి టీ అంగట్లో సాబ్జాన్‌కు కొత్త పేరు పుట్టింది. "ఏమప్పా ఖర్చూ, టీ తాగుతావా?" అనేవాళ్లు. అతను నవ్వి తాగేవాడు. కడుపులో మాత్రం మండిపోయేది.

ఆ మంట తన కోసం కాదు, పక్క గుంతలో చేరిన మట్టి తోడుతున్న ఆదిలక్ష్మి కోసం. ఆమె మొగుడు కొండప్ప సాబ్జాన్ జోడీగా పనిచేస్తూ బోర్ల దగ్గర పాము కరిచి పోయాడు. తొమ్మిదేళ్లుగా ఆమెది దినకూలీ. సాబ్జాన్ దిగిపోగానే ఆ పోస్టు ఆమెకే ఇవ్వాలని యూనియన్ పట్టుబట్టింది. ఎదురు నిలబడ్డ నాగరత్నమ్మ టీచరు ఇస్తానని మాటిచ్చింది. మల్లప్ప గెలిచాడా, వచ్చే నెల ఒకటో తారీఖున ఆదిలక్ష్మి ఇంట్లో పొయ్యి వెలగదు.

ప్రచారానికి అదే ఆఖరి రోజు. కొళాయి దగ్గర బిందెలు బారు తీరాయి. సన్నటి ధార అప్పుడే మొదలైంది. అంతలో మల్లప్ప జీపు వచ్చి గుంత పక్కనే ఆగింది. తెల్లచొక్కా సర్దుకుంటూ మల్లప్ప దిగాడు.

"ఏమప్పా సాబ్జాన్, ఇంకా తిప్పుతానే ఉండావా? ఇదేమన్నా బ్రహ్మవిద్యా? ఇట్లియ్యి, నేనే తిప్పి సూపిస్తా."

"కుడి పక్కకప్పా..." అనబోయాడు సాబ్జాన్.

"నాకు చెప్పాకు. నా మిల్లులో ఎన్ని వాల్వులుండాయో ఎరుకనా నీకు?"

మల్లప్ప తాళం లాక్కుని, లోకంలోని వాల్వులన్నిటినీ తెరిచినట్టే ఎడమకు తిప్పాడు. ఆ ఒక్క పాత వాల్వు మాత్రం ఎడమకు తిప్పితే మూసుకుంటుంది. కొళాయి ధార దారమైంది, చుక్కలైంది, ఆగిపోయింది. మల్లప్ప ఇంకా బలంగా తిప్పాడు. వాల్వు బిగుసుకుంది. చొక్కా వీపుకు అంటుకుంది. జీపులో కూర్చున్నవాడికి ఇదేమీ తెలియదు కాబట్టి మైకు తన పని తాను చేస్తూనే ఉంది: "ఖర్చు తగ్గించే గుర్తు, గొడుగు గుర్తు!"

బారులో ముందున్న యల్లక్క ఖాళీ బిందెను బోర్లించి టంగున కొట్టింది.

"నీళ్ల ఖర్చు బాగా తగ్గిస్తివి గదప్పా, మల్లప్పా!"

వీధి మొత్తం పకపకా నవ్వింది. మల్లప్ప తాళం వదిలేసి జీపెక్కాడు. మైకు దూరమయ్యేదాకా నవ్వు ఆగలేదు.

సాబ్జాన్ నవ్వలేదు. తాళం చేతిలోకి తీసుకుని ఆదిలక్ష్మి వైపు తిరిగాడు. కొండప్ప పోయాక ఈ తొమ్మిదేళ్లలో ఆ తాళాన్ని అతను ఎవరికీ ఇవ్వలేదు. చెబితే విలువ పోతుందని తనకు పని నేర్పిన ముసలాయన అనేవాడు. ఆ మాటే పట్టుకుని ఇన్నాళ్లూ ఆదిలక్ష్మి చేత మట్టే తోడించాడు.

"రామ్మా, నువ్వు తిప్పు," అన్నాడు.

"నేనా సాబన్నా?"

"నువ్వే. అందరూ సూడనీ."

ఆమె చేతుల మట్టి కొంగుకు తుడుచుకుని మోకరిల్లింది. కుడికి తిప్పింది. బిగుసుకున్న వాల్వు కిర్రుమని కదిలింది. మూడు చుట్లకు ఆగి చెవి ఆనించింది. ఏడో చుట్టు దగ్గర మళ్లీ ఆగింది.

"గాలి పోవల్ల అన్నా, లేదంటే కింద సందులో పైపు పగుల్తాది," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. పదకొండున్నర చుట్లకు చెయ్యి తీసేసింది. కొళాయి ఒక్కసారి దగ్గి, లావుపాటి ధార పోసింది.

ఆ పదకొండున్నర లెక్క సాబ్జాన్ ఎవరికీ చెప్పింది కాదు.

"యాడ నేర్చుకుంటివమ్మా?"

"తొమ్మిదేండ్లు సూస్తానే ఉండా గదన్నా."

సాబ్జాన్‌కు సిగ్గేసింది. అంతకు పదింతలు సంతోషమూ కలిగింది. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

నీళ్లు ఆగిన కథ ఆ సాయంత్రానికే పరిగి రోడ్డు దాకా పాకింది. బిందె మోసే ప్రతి ఇల్లాలూ దానికి ఇంకాస్త ఉప్పూకారం చేర్చి చెప్పింది. ఓట్లు లెక్కపెట్టిన రోజు నాగరత్నమ్మ రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచింది. "ఖర్చు గెలిచెనప్పో!" అని అరుస్తూ టీ అంగడి జనం సాబ్జాన్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. "దింపండప్పా, పడతా!" అని మొత్తుకుంటూనే అతను రంగునీళ్లలో నిలువెల్లా తడిశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు వీధులన్నిటికీ నీళ్లిచ్చినవాడికి ఊరు తిరిగి నీళ్లు పోయడం అదే మొదలు. నెల తిరక్కముందే ఆదిలక్ష్మి పేరు మీద ఆర్డరు వచ్చింది. ఆమె దాన్ని తెచ్చి చూపిస్తే, చదవడం రాకపోయినా సాబ్జాన్ రెండుసార్లు చూశాడు.

ఆఖరి రోజు ఆఫీసులో దండ వేశారు, శాలువా కప్పారు. మర్నాడు తొలి బస్సుకే భార్య ఖాజాబీని వెంటబెట్టుకుని అతను రొద్దం వెళ్లిపోయాడు. బయల్దేరేటప్పుడు ఎవరినీ లేపలేదు.

అదే రోజు ఆదిలక్ష్మి తెల్లవారకముందే తాళం భుజాన వేసుకుని గుంత దగ్గరికి వచ్చింది. బండరాయి మీద ఏదో పరిచి ఉంది. ఖాజాబీ చేతికుట్టుతో, పాతబట్టలు కూరి, అంచుకు సాబ్జాన్ తలగుడ్డ పీలిక వేసి కుట్టిన కొత్త గోనెపట్టా, సరిగ్గా రెండు మోకాళ్లు పట్టేంత.