లచ్చి ఉరికింది

భూపాలపల్లి విలేకరిగా ఐదేళ్లు, హన్మకొండ డెస్కులో సబ్ ఎడిటర్‌గా ఆరేళ్లు పనిచేసింది జమున. ఆ ఉదయం తన పేపరు విప్పగానే వచ్చినంత కోపం ఎన్నడూ రాలేదామెకు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మహబూబాబాద్‌లో రైలు పట్టాల మీద కూర్చున్న లంబాడీ తండా ఆడవాళ్లను పోలీసులు కొట్టారు. లచ్చి అనే ముసలామె చెయ్యి విరిగింది. జమునదీ తండానే. దవాఖానకు పోయి, ఇంటి భాషలోనే మాట్లాడి, అంతా రాసుకొచ్చింది. పేపర్లో మాత్రం ‘తోపులాటలో జారిపడిన వృద్ధురాలు’ అని నాలుగు లైన్లు.

డెస్క్ ఇన్‌చార్జి మధుకర్ ముందు పేపరు విసిరేసింది.

“జారిపడ్డదని మీకెవరు చెప్పిండ్రు సార్?”

“పైనుంచి చెప్పారమ్మా. అయినా నువ్వు రాసిన ఆ ముసలామె మాటలేంటి, సినిమాలో కామెడీ ట్రాక్‌లా! ఎవరు చదువుతారు?”

“ఆమె చెయ్యి ఇరిగింది. గది మీకు నవ్వులాటనా?”

రాజీనామా అక్కడే రాసిచ్చింది. రెండు నెలలకు జనగామలో, గఫార్ అనే తెలిసినాయన ప్రింటింగ్ ప్రెస్సు వెనక గదిలో, సొంత మాసపత్రికకు ఎడిటర్ అయింది. తొలి సంచికలో మొదటి వ్యాసం లచ్చి మీదే. ‘లాఠీలకు ఎదురొడ్డి నిలిచిన వీరవనిత’ అని శీర్షిక పెట్టింది.

గఫార్ ప్రూఫు చదివి తలెత్తాడు. “చెల్లె, ముసలమ్మ గిట్లనే చెప్పిందా?”

“భావం గదే అన్నా,” అంది. అనగానే ప్రూఫు వెనక్కి తీసుకుంది. డెస్కులో మధుకర్ రోజూ అనే మాట అది.

మరునాడే లచ్చి తండాకు బస్సెక్కి, ప్రూఫు చదివి వినిపించింది. లచ్చి సరిగా అతకని చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

“నేను నిలవడలే బిడ్డా, పానం కోసం ఉరికిన. కొట్టిన పోలీసు పోరనికి నా మనుమని ఈడుంటది. నీళ్లు తాగుతవా అని అడగబోయిన, గంతల్నే కొట్టిండు. ఉరకనా మరి?”

“గట్ల రాస్తే తక్కువైతదేమోనని...”

“ఎవలికి తక్కువ? పేపరోళ్లు జారిపడ్డదని రాసిన్రు, నువ్వు నిలవడ్డదని రాసినవు. ఏం రాయాల్నో నన్ను అడిగినోళ్లేరి?”

ఇన్నాళ్లూ మధుకర్ మీదున్న కోపమంతా జమునకు తన మీదికే తిరిగింది. తిరిగొచ్చి తన వాక్యాలన్నీ కొట్టేసి లచ్చి మాటలే పెట్టింది.

సంచిక చూసి జనగామ ఉద్యమ నాయకుడొకడు విరుచుకుపడ్డాడు. “ఉద్యమంల ఉరుకుడేంది? పరువు తీసినవ్. మన దీక్షా శిబిరంల గీ పుస్తకం అమ్మొద్దు.”

“ఆమె చెయ్యి ఇరిగితే పోని పరువు, ఉరికితే పోయిందా అన్నా?” అని జమున పత్రిక కట్టలు బస్సు మీదికెక్కించింది.

భూపాలపల్లి దీక్షా శిబిరం దగ్గర నిలబడి లచ్చి మాటలు బిగ్గరగా చదివింది. రేగొండ నుంచి వచ్చిన కమలాబాయి ముందుకు జరిగింది.

“నన్ను గూడ కొట్టిన్రు. నేను గూడ ఉరికిన. రాస్తవా?”

జమున అక్కడే చాప మీద కూర్చుంది. రాసినదంతా కమలాబాయికి చదివి వినిపించి, రెండు చోట్ల ఆమె కాదంటే దిద్ది, అప్పుడు లేచింది.