పర్శా పాట ఉన్న క్యాసెట్

సుల్తానాబాద్ బస్టాండు ఎనుక లక్ష్మణ్‌కు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉన్నది. ఆదివారం పొద్దుగాల దాని షట్టరు సగమే లేస్తది. లోపల ఏం నడుస్తుందో అని పోయేటోళ్లు వచ్చేటోళ్లు వంగి వంగి చూస్తరు. ఏం నడుస్తది? గల్ఫు పోయొచ్చిన ఇద్దరు కూసొని పాతకాలం ఇంగ్లీషు పాటలు ఇంటరు, గంతే. గిటార్లు ఉరుముతుంటయి, డ్రమ్ములు పగులుతుంటయి. షార్జా క్యాంపుల మనోళ్లు వాటికి జుట్టోళ్ల పాటలని పేరు పెట్టిండ్రు. పాడేటోళ్లందరికీ నడుముదాక జుట్టుంటుండె మరి.

ఇద్దరిల చిన్నోడు లక్ష్మణ్, పెద్దోడు కైలాసం. యాభై ఎనిమిదేండ్లు. ముసలోడంటే మాత్రం ఊకోడు.

ఆడ ఒక కట్టుబాటున్నది. ఒక్కలకు ఒక్క పాట. పాట పెట్టెటోడు అది ఎందుకు పెడుతుండో చెప్పాలె. వాయించినోళ్లల్ల ఎవలన్న సచ్చిపోయి ఉంటే, పాట అయిపోయేదాక చాయ ముట్టద్దు. ఆ పాటలేమో ఒక్కోటి ఎనిమిది నిమిషాలాయె, వాయించినోళ్లల్ల సగం మంది పోయినోళ్లేనాయె. ఇగ వేడి చాయ ఎక్కడిది? కైలాసం చల్లారిన చాయకే అలవాటు పడ్డడు.

షార్జాల ఉన్నప్పుడే ఆ కట్టుబాటు పెట్టింది పర్శరాములు. మందమర్రిల బొగ్గుబాయి కార్మికుని కొడుకు. షార్జాల కైలాసంతోని సెంట్రింగు పని చేసిండు, ఒక్కటే రూముల కింది మంచం కైలాసంది, మీది మంచం ఆయనది. పక్క రూముల ఫిలిప్పీన్సు ఎలక్ట్రీషియను దగ్గర గిటారు నేర్చుకున్నడు. పాటల మాటలు ఒక్క ముక్క అర్థం గాకపోయేది గని, తీగల మీద ఏలు పడితే ఆ ఎలక్ట్రీషియనే నోరు తెరిసేది. కొన్నొద్దులకు సొంతంగ ఒకటి కట్టిండు. దానికి మాటల్లేవు, పేరు లేదు. ఒక శుక్రవారం దాన్ని క్యాసెట్ల రికార్డు చేసి కైలాసం చేతుల పెట్టిండు. "నీ దగ్గరుంచురా, నా పెట్టెల ఉంటే ఎవడన్న ఎత్తుకపోతడు" అన్నడు.

ఊరికొచ్చినంక పర్శరాములు మళ్ల గిటారు ముట్టలే. మందమర్రిల మేస్త్రి పని చేసుకున్నడు. ఎప్పుడన్న కలిసినప్పుడు కైలాసం వాయించుమంటే, చేతులు సిమెంటైనయిరా అని నవ్వేటోడు. కిందటేడు కలిసినప్పుడు మాత్రం ఆయనే అడిగిండు. "నా పాట ఉన్నదారా?"

"ఉండక యాడికి పోతది? భద్రంగున్నది. ఈసారి తెస్త" అన్నడు కైలాసం. ఇయ్యాల తెద్దాం, రేపు తెద్దాం అనుకుంటనే ఉన్నడు. నెల తిరగకముందే పర్శరాములు గుండె ఆగి పోయిండు. నిప్పు పెట్టేకాడ కైలాసం ఏడ్వలే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది.

ఈ ఆదివారానికి పర్శరాములు పోయి ఏడాది. ఆయన పాటే పెడుదామని లక్ష్మణ్ అన్నడు. ఓ పాత టేపురికార్డరు సంపాదించి, దానికి కొత్త రబ్బరు బెల్టు ఏసి తయారుగ పెట్టిండు.

క్యాసెట్ కైలాసం ఇంట్ల, ఆయన పెండ్లాం అనసూర్య బీరువల చీరెల నడుమ ఉన్నది. ఆమె ఇచ్చేతందుకు జర ఎనుకాడింది. దానికి కారణం ఉన్నది. కైలాసం లెక్కల అందుల ఒక దిక్కు పర్శరాములు పాటుంటే, రెండో దిక్కు కైలాసం ఆమెకు చెప్పి పంపిన ఉత్తరం ఉన్నది. అప్పుడు అనసూర్యకు సదువు రాకపోయేది. మొగని ఉత్తరం పక్కింటోళ్లతోని సదివించుకునుడు సిగ్గయితది గద. అందుకే గల్ఫుల ఉన్నోళ్లు క్యాసెట్ల మాట్లాడి, సెలవు మీద ఊరికి పోయేటోళ్లకు ఇచ్చి పంపేది.

"ఇస్త గని నేను గూడ వస్త. రీలు తెగితే నాకు మళ్ల ఎవలిస్తరు?" అన్నది అనసూర్య.

దుకాణంల ముగ్గురు కూసున్నరు. మూడు గ్లాసుల చాయ వచ్చింది. ఎవలూ ముట్టలే. 'పర్శ' అని రాసున్న దిక్కు పైకి పెట్టి లక్ష్మణ్ బటన్ ఒత్తిండు.

"అనసూర్యా, నేను మంచిగున్న. నువ్వు ఫికర్ జెయ్యకు."

కైలాసం గొంతు. ఇరవై ఎనిమిదేండ్ల వయసుల ఉన్నప్పటి గొంతు.

"పేరు తప్పు దిక్కు రాసినట్టున్నవన్నా" అని లక్ష్మణ్ క్యాసెట్ తిప్పిండు. గుయ్యిమని ఉత్త సప్పుడు. ముందుకు తిప్పిండు, మళ్ల ముందుకు తిప్పిండు. ఆఖరుదాక గంతే.

కైలాసానికి అప్పుడు యాదికొచ్చింది. ఊరోడొకడు ఎయిర్‌పోర్టుకు పోతున్నడు, బయట బండి హారన్ కొడుతున్నది. ఖాళీ దిక్కు ఏదో చూసుకోలే. ఉరుకులాటల క్యాసెట్ పెట్టి రెండు బటన్లు ఒత్తి మాట్లాడుడు మొదలువెట్టిండు. పేరు సక్కగనే ఉన్నది. ఈయన మాటలే పోయి పాట మీద పడ్డయి.

"నేనే చెరిపినరా లక్ష్మణ్" అన్నడు. "భద్రంగున్నదని వానికి చెప్పిన. వాడు నమ్మి పోయిండు."

అనసూర్యనే చెయ్యి చాపి క్యాసెట్ తిప్పి పెట్టింది.

"నీ మాటలు ఇనకు. ఎనుక ఏమున్నదో ఇను" అన్నది.

"...ఈడ ఎండలు మస్తున్నయి. పనైతే మంచిగనే నడుస్తున్నది..."

ఆ మాటల కిందికెల్లి, దూరంగ, గిటారు. కైలాసం టేపురికార్డరుకు చెవి ఆనిచ్చిండు. అదే పాట. మీది మంచం మీద కూసొని పర్శరాములు వాయిస్తున్నడు. ఆ మంచం కిర్రుమనుడు గూడ ఇనవడ్తున్నది. పాట మెల్లగ మెల్లగ పైకి పోతున్నది. ఇగ అసలు ముక్క వస్తది, ఆడ ఆయన కండ్లు మూసుకునేది. కైలాసం కండ్లు మూసుకున్నడు.

"ఒరే పర్శా, జర ఆపురా. ఉత్తరం చెప్తున్న గద."

ఆగిపోయింది. మారుమాటన్న అనలే. ఆ తర్వాత కైలాసం గొంతొక్కటే. బియ్యం, వానలు, పైలం, జాగర్త, పైలం.

"ముప్పై ఏండ్ల సంది ఇంటున్న" అన్నది అనసూర్య. "నీ మాటలన్ని నోటికొచ్చినయి. ఆ గిటారాయన ఇంకింత వాయిస్తే బాగుండు అని ఆడ ఎప్పుడూ అనుకుంట. నువ్వు ఆపుమనే కాడ నాకు కోపమొచ్చేది."

కైలాసం ఎనుకకు తిప్పి మళ్ల పెట్టిండు. మళ్ల అదే కాడ, ఆపురా. మూడోసారి, తన గొంతు రాకముందే తనే బటన్ ఒత్తిండు. ఒత్తినంక సమజైంది, ఎట్ల చేసినా ఆపేది తనే.

లక్ష్మణ్ గ్లాసు ముందుకు జరిపిండు. "చాయ తాగన్నా, మీగడ కట్టింది."

కైలాసం ముట్టలే.

"ఎట్ల తాగాలెరా? పాట ఇంక అయిపోలే" అన్నడు.