పదకొండేళ్ల గడి

ఆదివారం పొద్దున్నే తడి చెంచా దగ్గర గొడవ మొదలైంది. ఉప్మా తిన్న చెంచానే సోమేశ్వర్ మామిడికాయ పచ్చడి జాడీలో పెట్టాడు. అరుణ జాడీ లాక్కుని, పైపొరంతా తీసి పారేసింది. పదిహేను రోజుల్లో బూజు పడుతుందంది.

"ఇది ఇల్లు. నీ బొల్లారం ల్యాబ్ కాదు," అన్నాడు సోమేశ్వర్. "చెంచాకు సుత టెస్టులేనా?"

ఇస్నాపూర్‌లో ఆయనకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. మేకుల డబ్బాలో మరలు కలిసినా పట్టించుకోడు. భార్య కోపం చెంచా మీద కాదని మాత్రం ఆయనకూ తెలుసు. టీవీ పక్కన కవరులో ఆమె ఎమ్మెస్సీ దరఖాస్తు ఉంది. కంది ఊరికి అవతలున్న కాలేజీలో ఇవ్వాలి. సోమవారం సాయంత్రం ఐదింటికి గడువు.

ముప్పై తొమ్మిదేళ్లు. బీఎస్సీలో యాభై నాలుగు శాతం. తర్వాత పదకొండేళ్లు ఇంట్లోనే. ఏడేళ్లుగా మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు. నెల రోజులుగా అరుణ ఈ నాలుగు ముక్కల్నే అటూ ఇటూ పేర్చి చూసుకుంటోంది. మార్కుల లోటును అనుభవం పూడుస్తుందా? పూడ్చినా, ఖాళీ ఏళ్లు చూసి పక్కన పడేస్తారా? కాలేజీకి ఫోన్ చేస్తే, కమిటీ చూస్తుందన్నారు, అంతే. ల్యాబ్‌లో ఏ నమూనాకైనా హద్దు ఇంతని కాగితం మీద ఉంటుంది. ఇక్కడ ఆ హద్దు ఎంతో చెప్పేవాళ్లే లేరు. కంపెనీ బస్సులో పక్క సీటు నిహారికకు ఇరవై నాలుగేళ్లు. పోయినేడు ఆ కాలేజీలో ఆమెకే సీటు రాలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా అరుణ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

ఇంటర్ చదివే కూతురు నిషిత కవరులోంచి ఫారం తీసి చదివింది. ఉద్యోగం లేని కాలంలో ఏం చేశారన్న గడిలో అరుణ మూల నుంచి మూలకు గీత గీసి, 'వర్తించదు' అని రాసి, సంతకం, తేదీ పెట్టింది. ల్యాబ్ రికార్డులో ఖాళీ గడిని అట్లాగే మూసేస్తారు. ఇక్కడా చేయి దాని అలవాటు ప్రకారం పోయింది.

"పదకొండేండ్లు వర్తించదంటవేందమ్మా? నేను పుట్టింది గప్పుడే గదా."

అరుణ ఫారం అందుకుని ఆ ఏళ్లను ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. నిషిత పుట్టింది. అత్తగారు పక్షవాతంతో నాలుగేళ్లు మంచాన పడింది. ఆమెకు ఏ పూట ఏ మందు ఎంత వేసిందో అరుణ నోటుబుక్కులో రాసిపెట్టింది. ఎదురింటి కిరాయి గదుల్లోని కార్మికుల పిల్లలకు కెమిస్ట్రీ చెప్పింది.

కొత్త ఫారం ప్రింటు తెస్తానంది నిషిత. అరుణ వద్దంది. రాసిన పేజీని చింపడం ల్యాబ్‌లో అసలు తప్పు కంటే పెద్ద తప్పు. ఒక్క గీతతో కొట్టేసి, కిందిది కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాయాలి.

అట్లాగే రాసింది. నిషిత పుట్టుక, అత్తగారి పక్షవాతం, పిల్లల పాఠాలు గడి పక్కన ఖాళీలో ఇరికించింది. రాశాక భయం ఇంకా పెరిగింది. ఈ కొట్టివేతలు చూసి మొదటి చూపులోనే తీసేస్తారేమో.

మధ్యాహ్నం అన్నాల దగ్గర సోమేశ్వర్ మెల్లగా కదిపాడు. సీటు రాకపోతే కంపెనీలో అందరికీ తెలుస్తుంది, ఈ పరేషానంతా ఎందుకన్నాడు. అరుణ ఆయనకు పప్పు వడ్డించి గరిటె కింద పెట్టింది.

"వస్తదో రాదో నాకు తెలుస్తలేదు. ఎవరి రికార్డు మీద వాళ్లే ఫెయిలని రాసుకునుడు మా ల్యాబ్‌ల నడ్వదు. రేపు సెలవు పెట్టిన. కందికి పోయి నా చేతులతోనే ఇచ్చొస్త. రాకుంటే వచ్చేయేడు సుత ఇస్త."